చేతిపనికి సాకు అక్కర్లేదు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఇంట్లో కూర్చుని కుట్లు, అల్లికలు, కాగితం పనులు, చెక్క పనులు చేసుకునేవాళ్ళకు రెండు ప్రశ్నలు తప్పవు. బయటివాళ్ళు అడిగేది: "భలే ఉందే, అమ్మొచ్చు కదా?" చర్చిలో అడిగేది: "ఇంత టైము దీనికి పెట్టే బదులు ప్రార్థనలో గడపొచ్చు కదా?"

మొదటిదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. అమ్ముకునేవాళ్ళు నిక్షేపంగా అమ్ముకోవచ్చు. పౌలు డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు, అకుల, ప్రిస్కిల్లలది కూడా అదే వృత్తి. అయితే చేసిన ప్రతిదాన్నీ అమ్మకానికి పెట్టాలన్న రూలేమీ లేదు. సరదాకి మొదలుపెట్టిన క్రోషియా ఆర్డర్లలోకి, డెలివరీ తేదీల టెన్షన్‌లోకి వెళ్ళిందంటే అది ఉద్యోగం కిందే లెక్క. మంచి ఉద్యోగమే కావచ్చు, ఈరోజు మన విషయం అది కాదు.

రెండో ప్రశ్న దగ్గర మాత్రం ఆగాలి. ఎందుకంటే ఎవరో అడగక ముందే మనల్ని మనమే అడుక్కుంటాం. సూది చేతిలోకి తీసుకోగానే లోపల ఒక సణుగుడు మొదలవుతుంది. దాని నోరు మూయించడానికి సాకులు వెతుకుతాం. "ఇది పరిచర్య కోసం", "ఇది సండే స్కూల్ పిల్లలకి", "దీని మీద వాక్యం కుడుతున్నాను కదా" అంటాం. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ సాకులేవీ అక్కర్లేదు. చేతులతో ఒక వస్తువు చేసి, అది బాగా కుదిరినందుకు సంతోషపడటం దేవుడి దగ్గర దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

ఈ మాట ఎక్కడిదంటారా, నిర్గమకాండం తెరవండి. అందులో 25 నుంచి 31 వరకు, మళ్ళీ 35 నుంచి 40 వరకు ఉన్న అధ్యాయాలు మనలో చాలామంది గబగబా దాటేస్తాం. ప్రసంగీకులు కూడా అటువైపు తక్కువే వెళతారు. ఇశ్రాయేలీయులు ఎడారిలో దేవునికి చేసిన గుడార మందిరం వివరాలవి. అన్నీ కొలతలు, రంగులు, మూరలు, కొలుకులు (అంటే గుండీ తగిలించే ఉచ్చులు), గుండీలు. పైగా ముందు చెప్పిందే తర్వాత మళ్ళీ చెప్పినట్టుంటుంది. నమూనా చూసి అల్లే అలవాటున్నవాళ్ళకు మాత్రం ఇవి బోరు కొట్టవు. ముందు భాగం నమూనా, తర్వాతి భాగం ఆ నమూనా ప్రకారం చేసిన పని. నమూనాలో ఉన్నది ఉన్నట్టు దిగిందో లేదో వరుసవరుసకీ సరిచూసుకోవడం మనకు కొత్త కాదు.

అక్కడ దేవుడు ఎవరిని "నింపాను" అంటున్నాడో గమనించారా? 28వ అధ్యాయం మూడో వచనంలో యాజకుడు అహరోను బట్టలు కుట్టాల్సినవాళ్ళను జ్ఞానాత్మతో నింపానంటాడు. తర్వాత 31వ అధ్యాయంలో యూదా గోత్రికుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, దేవుని ఆత్మతో నింపానంటాడు. ఎందుకు? ప్రవచించడానికనో, యుద్ధం చేయడానికనో కాదు. బంగారం, వెండి, ఇత్తడితో పనిచేయడానికి, రాళ్ళు సానబెట్టి పొదగడానికి, చెక్క చెక్కడానికి. తోడుగా దాను గోత్రం నుంచి అహోలీయాబు వస్తాడు. నేతపని, బుటా పని అతనికి తెలుసు. 35వ అధ్యాయంలో ఇంకో చిన్న మాట ఉంది, నాకు చాలా ఇష్టం. ఆ ఇద్దరికీ ఇతరులకు నేర్పే మనసును కూడా దేవుడే ఇచ్చాడట. పని రావడం ఒకటి, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని ఓపిగ్గా నేర్పడం ఇంకొకటి. ఈ రెండోది కూడా వరమే అని రాసి ఉంది. అక్కడే స్త్రీలు తమ చేతులతో నీలం, ఊదా, ఎరుపు నూలు, మేకవెండ్రుకలు వడికారని కూడా ఉంది. వడకడమే పని. పక్కన "ఆత్మీయ కారణం" ఏదీ రాయలేదు.

26వ అధ్యాయంలో తెరల సంగతి చూడండి. ఒక్కో తెర 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు. అలాంటివి పది. ఐదింటిని కలిపి ఒక కూర్పు, మిగతా ఐదింటిని కలిపి ఇంకో కూర్పు. మొదటి కూర్పు చివరి తెర అంచున నీలినూలుతో 50 కొలుకులు, రెండో కూర్పు చివరి తెర అంచున ఇంకో 50. ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. మధ్యలో 50 బంగారు గుండీలు. చొక్కాకి ఐదారు కాజాలు కుట్టి, చివరి గుండీ దగ్గరికి వచ్చేసరికి ఒక వైపు అంచు కిందికి జారడం చూసినవాళ్ళు ఇక్కడ నవ్వుకుంటారు. (నవ్వులు) 28 మూరల అంచు మీద 50 కాజాలు అటూ ఇటూ కలవాలంటే, ముందు కొలిచి గుర్తులు పెట్టుకోకుండా ఎవరివల్లా కాదు. ఆ గుర్తులు పెట్టిన మనిషి పేరు బైబిల్లో లేదు. పని మాత్రం కలిసింది, 36వ అధ్యాయంలో కొలుకులు ఎదురెదురుగా వచ్చాయని రాశారు.

"అదంతా మందిరం పని, నీ టేబుల్ క్లాత్ దానికి సమానమా?" అని ఒకరు నన్ను గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను మందిరం దగ్గర ఆగిపోను, హన్నా దగ్గరికి వెళతాను.

హన్నా తన పిల్లవాడు సమూయేలును షిలోహులో మందిరంలో అప్పగించి వచ్చింది. ఏడాదికొకసారి భర్తతో బలి అర్పించడానికి వెళ్ళేటప్పుడు, ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేదని మొదటి సమూయేలు రెండో అధ్యాయంలో ఒకే ఒక వచనం ఉంది. పిల్లవాడు ఎదురుగా లేడు. కొలత తీసుకోవడానికి లేదు. ఏడాదిలో ఎంత ఎదిగాడో అంచనా వేసి గుడ్డ కత్తిరించాలి. పిల్లలకు కుట్టేవాళ్ళకు తెలుసు, చేతుల పొడవు దగ్గరే లెక్క తప్పుతుంది. మడతలో కాస్త గుడ్డ ఎక్కువ వదిలి ఉంటుందని నాకనిపిస్తుంది, ఎవరైనా అదే చేస్తారు. ఆ అంగీతో ఏ అద్భుతమూ జరగలేదు. దాని మీద ఏమీ రాసినట్టు కూడా లేదు. ఒక తల్లి ఏటేటా కుట్టింది, అంతే. అది లేఖనాల్లోకి ఎక్కింది.

దొర్కా సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఒక్కటి చెబుతాను. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు పేతురు వచ్చాడు. విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు తీసి చూపించారు. ఆమె చెప్పిన మాటలేవీ అపొస్తలుల కార్యాల్లో లేవు. బట్టలే సాక్ష్యం చెప్పాయి.

ఇంకో వస్త్రం ఉంది. సిలువ దగ్గర సైనికులు యేసు బట్టలు నాలుగు భాగాలు చేసుకున్నారు, అంగీ దగ్గరికి వచ్చేసరికి చింపలేదు, చీట్లు వేశారు. ఎందుకంటే అది కుట్టు లేకుండా పైనుంచి కిందిదాకా ఒకే నేతగా ఉందని యోహాను రాశాడు. దాన్ని నేసింది ఎవరో ఎక్కడా లేదు. అంత కరుకైన చేతులు కూడా మంచి పనిని చూసి వెనక్కి తగ్గాయి. ఆయన కూడా ముప్పై ఏళ్ళ వయసు వచ్చేదాకా వడ్రంగి పని ఎరిగిన ఇంట్లోవాడే. ఆ సంవత్సరాల గురించి లేనిపోని కథలు అల్లడం నాకు నచ్చదు, లేఖనం ఊరుకున్న చోట మనమూ ఊరుకోవచ్చు.

ఇక వాక్యాల సంగతి. చేసిన ప్రతి వస్తువు మీదా ఒక సిలువో, ఒక వచనమో ఉండాలా? ఉంటే తప్పేమీ లేదు. నేను కుట్టినవీ ఉన్నాయి. కానీ అది లేకపోతే ఆ వస్తువు "లోకసంబంధం" అనుకోవడం దగ్గరే నాకు పేచీ. యాజక వస్త్రాలనే తీసుకోండి. నిర్గమకాండం 28వ అధ్యాయంలో అక్షరాలు చెక్కమన్నది మూడే చోట్ల. భుజాల మీది రెండు రాళ్ళ మీద, పతకంలోని పన్నెండు రాళ్ళ మీద, నుదుటి బంగారు రేకు మీద. అంచు దగ్గరికి వచ్చేసరికి ఏముంది? నీలం, ఊదా, ఎరుపు నూలుతో దానిమ్మపండ్లు, వాటి మధ్య బంగారు గంటలు. దీపవృక్షం మీద బాదం పూలు, మొగ్గలు. ఒక్క అక్షరం లేదు. అలంకారం అలంకారంగానే పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళింది. కాబట్టి మీరు కుట్టిన దిండు గలీబు మీద ఉత్త పువ్వులే ఉన్నాయని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఇంకో మాట, కోపగించుకోకండి: వంకరగా కుట్టిన వాక్యం కంటే చక్కగా కుట్టిన పువ్వు మేలు. వాక్యం ఉంది కదా అని పనిలో నాణ్యత తగ్గినా ఫరవాలేదనుకునే అలవాటు మనలో కొంచెం ఉంది.

నాణ్యత అన్నాను కాబట్టి ఒక చిన్న పని చూపిస్తాను. వెనక ఉన్నవాళ్ళకు కనిపించకపోతే వినండి చాలు.

ఈ ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులు కలిసి ఉంటాయి. సన్నని పనికి రెండే కావాలి. కొత్తవాళ్ళు రెండు పోగులూ ఒకేసారి పట్టుకుని చీలుస్తారు. సగం దూరం వెళ్ళేసరికి మిగతావి మెలితిరిగి చిక్కుపడతాయి. పద్ధతి ఇది. చివర దగ్గర ఒక్క పోగునే పట్టుకోండి. మిగతా ఐదింటినీ రెండో చేతి వేళ్ళ మధ్య వదులుగా ఉంచండి. ఆ ఒక్క పోగునీ నిటారుగా పైకి లాగండి. మిగతావి కిందికి ముడుచుకుని గుట్టగా పడతాయి. చూడండి, ఇక పాడైపోయిందనే అనిపిస్తుంది. కంగారుపడి ఇక్కడే చెయ్యి పెట్టకూడదు. పోగు పూర్తిగా బయటికి వచ్చాక ఒకసారి కిందికి నిమిరితే అన్నీ మళ్ళీ సాఫీ అవుతాయి. రెండో పోగు కూడా ఇలాగే తీసి, రెండింటినీ పక్కపక్కన చేర్చి సూదిలోకి ఎక్కించాలి. విడివిడిగా తీసి కలిపిన పోగులు గుడ్డ మీద పక్కపక్కనే పరుచుకుని కుట్టు నిండుగా కనిపిస్తుంది. దారం మూరెడు దాటనివ్వకండి. పొడవైతే గుడ్డలోంచి వెళ్ళి వచ్చేకొద్దీ నూలు రేగుతుంది, వెనక ముడులు పడతాయి. మాటిమాటికీ సూదిలోకి దారం ఎక్కించే బద్ధకంతో బారెడు దారం తీసుకునేవాళ్ళు ముడులు విప్పడంలో అంతకు రెట్టింపు టైము పోగొట్టుకుంటారు.

ఇలా చేస్తూ ప్రార్థన చేయొచ్చా? చేయొచ్చు, కానీ ఇక్కడ కొంచెం నిజం మాట్లాడుకుందాం. "ప్రతి కుట్టూ ఒక ప్రార్థనే" అని కొందరు అందంగా చెబుతారు. నాకు అలా కుదరదు. లెక్క ఉన్న డిజైన్ చేస్తుంటే మనసంతా లెక్క మీదే ఉంటుంది, మూడు ఎత్తి రెండు వదలాలి, మళ్ళీ మూడు. ఆ సమయంలో ప్రార్థన మొదలుపెడితే ప్రార్థనా పోతుంది, వరుసా పోతుంది. లెక్క లేని పొడవాటి వరుసలు వచ్చినప్పుడు మాత్రం చేతులు వాటంతటవే నడుస్తాయి. అప్పుడు ఒక్కో వరుసకు ఒక్కో మనిషిని తలుచుకుంటాను. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, మాటలు మానేసిన చుట్టాలు. లెక్క మీద ధ్యాస పెట్టిన వరుసల్లో దేవుడికి దూరమయ్యానని మాత్రం అనుకోను. అప్పగించిన పని మీద మనసు పెట్టడం కూడా ఆయన దగ్గర ఉండటమే. థెస్సలొనీక సంఘానికి పౌలు రాసింది కూడా ఇలాంటి జీవితమే కదా: నెమ్మదిగా ఉండండి, మీ పనులు మీరు చూసుకోండి, మీ చేతులతో పని చేయండి.

మన ఇళ్ళలోకి, చర్చిల్లోకి వచ్చిన కొన్ని వస్తువులు ఇలాంటి రోజువారీ పనుల్లోంచే పుట్టాయి. క్రిస్మస్‌కు ముందు వారాల్లో, అంటే ఆగమన కాలంలో (అడ్వెంట్), కొవ్వొత్తులు వెలిగించే చక్రమే చూడండి. 1839లో జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో యోహాన్ హిన్రిష్ విఖర్న్ అనే పాస్టరు పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడుపుతున్నాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు అని పిల్లలు ప్రాణం తీసేవాళ్ళట. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇదే గోల. ఆయన ఒక బండి చక్రం తీసుకుని దాని మీద కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మామూలు రోజులకు 20 చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించేవాళ్ళు. ఆ ఏడాది డిసెంబరు 1 ఆదివారం వచ్చింది కాబట్టి క్రిస్మస్ ముందురోజు దాకా లెక్క సరిగ్గా 24. ఏడాదిని బట్టి చిన్న కొవ్వొత్తుల సంఖ్య మారుతుంది. పిల్లలు లెక్కపెట్టుకోవడానికే చేసింది కాబట్టి మారాలి కూడా. తర్వాత నాలుగు కొవ్వొత్తుల పచ్చని చక్రం ప్రపంచమంతా పాకింది. అదీ బాగానే ఉంటుంది, కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే పాత పద్ధతికే ఓటేస్తాను. వారానికొకటి అంటే పిల్లలకు యుగం గడిచినట్టే.

క్రిస్మస్‌కు వేలాడదీసే మొరేవియన్ నక్షత్రం అయితే ఏకంగా లెక్కల క్లాసులోంచి వచ్చింది. 1830ల్లో జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ అనే ప్రొటెస్టంట్ సంఘం నడిపిన బాలుర పాఠశాలలో జ్యామితి నేర్పడానికి దీన్ని చేయించారు. 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు కలిపి 26 ముఖాలున్న ఒక ఆకారం లోపల ఉంటుంది. ఒక్కో ముఖం మీద ఒక్కో కోసు పిరమిడ్ నిలబెడతారు. వేలాడదీయడానికి ఒక చతురస్రం వదిలేస్తే 25 కోసులు. పదిహేడింటికి నాలుగు పక్కలు, ఎనిమిదింటికి మూడు పక్కలు. కాగితంతో చేసేవాళ్ళకు నా సలహా ఒక్కటే: పిరమిడ్‌లన్నీ ముందే కత్తిరించి, మడతలన్నీ ముందే గీరుకుని, అప్పుడు జిగురు ముట్టండి. ఒక్కొక్కటీ చేస్తూ అతికిస్తూ పోతే చివరి నాలుగింటికి చెయ్యి పెట్టే సందు దొరకదు.

ఇంత చెప్పాక, ఇందులో ప్రమాదం లేదని మాత్రం అనను. నిర్గమకాండంలో నమూనా చెప్పిన అధ్యాయాలకూ పని చేసిన అధ్యాయాలకూ మధ్యలో ఏముందో గుర్తుందా? 32వ అధ్యాయం, బంగారు దూడ. చెవిపోగులు తెచ్చింది ఆ జనమే, తర్వాత మందిరానికి బంగారం తెచ్చిందీ ఆ జనమే. అంచేత చేతిపని దానంతటదే మనిషిని పవిత్రుణ్ణి చేస్తుందని నేను నమ్మను. ఒక అల్లిక కోసం ఇంట్లోవాళ్ళు అన్నం కోసం ఎదురుచూస్తుంటే, పక్కవాళ్ళ పని చూసి నిద్రపట్టకపోతే, అక్కడ ఆగి ఆలోచించుకోవాలి. బెసలేలుకు పని అప్పగించిన వెంటనే, అదే 31వ అధ్యాయంలో, దేవుడు విశ్రాంతి దినం గురించి చెప్పాడు. మందిరం పనికే సెలవుంటే మన పనికి ఉండదా? ఆదివారం అల్లిక ముట్టాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వాళ్ళకే వదిలేస్తాను. ఒక రోజు పక్కన పెట్టడం అసలు మన చేతనవుతోందా అన్నది మాత్రం చూసుకోవాలి.

సామాను పోగేసే జబ్బు ఇంకొకటి. (నవ్వులు) నవ్వేవాళ్ళందరి ఇళ్ళలోనూ విప్పని ఉన్ని ఉండలు ఉన్నాయని నాకు తెలుసు. 36వ అధ్యాయంలో జనం రోజూ ఉదయాన్నే సామాగ్రి తెస్తూనే ఉంటే పనివాళ్ళే మోషే దగ్గరికి వెళ్ళి, కావలసినదానికంటే ఎక్కువైపోయిందన్నారు. ఇక ఎవరూ ఏమీ తేవద్దని మోషే పాళెమంతటా చాటించాల్సి వచ్చింది. మన ఇంట్లో ఆ చాటింపు వేసేవాళ్ళు లేరు, మనమే వేసుకోవాలి.

పరిపూర్ణత గురించి కూడా అడుగుతుంటారు. దేవుడొక్కడే పరిపూర్ణుడు కాబట్టి కావాలనే ఒక తప్పు కుట్టు వదిలేయాలని కొందరంటారు. కుట్టేవాళ్ళెవరికీ ఆ శ్రమ అక్కర్లేదు, తప్పులు వాటంతటవే వస్తాయి. ఎప్పుడు విప్పాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నదే ప్రశ్న. తప్పు వల్ల అల్లిక ఊడిపోయేట్టుంటే విప్పాల్సిందే. కేవలం మన కంటికే కనిపించేదైతే వదిలేయండి.

చివరగా, ఇవ్వడం. ఇందాక ఒక అక్క చీటీ పంపారు: నెలల తరబడి అల్లి ఇస్తే, తీసుకున్నవాళ్ళు వాడకుండా బీరువాలో పెట్టేశారు, ఏం చేయాలి అని. ఏమీ చేయకండి. ఇచ్చేశాక అది వాళ్ళది. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు దాని కోసం కళ్ళతో వెతకడం కూడా మానుకోవాలి, ఇది కష్టమే. ఇచ్చే ముందు మాత్రం చేయగలిగింది ఉంది. వాళ్ళకు ఏ రంగు నచ్చుతుందో, ఉన్ని పడుతుందో లేదో అడగండి, సర్‌ప్రైజ్ పోతే పోయింది. ఉతికే పద్ధతి ఒక చిన్న చీటీ మీద రాసి పెట్టండి. ఉన్ని వస్తువును వేడినీళ్ళలో వేసి రుద్దితే అట్టకట్టి, పెద్దవాళ్ళ స్వెటరు పిల్లల సైజుకు వస్తుంది. బీరువాలో దాగిన వాటిలో చాలావరకు, ఎలా ఉతకాలో తెలియక భయపడి దాచినవే అయి ఉంటాయి.

టేబుల్ మీద గుడ్డ ముక్కలు, సూదులు, దారాలు పెట్టాం. ఒక్కొక్కరు రెండు పోగులు తీసుకోండి, మూరెడే. కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చినవాళ్ళు కిటికీ పక్కకు రండి, సూదిలోకి నేను ఎక్కించి ఇస్తాను.